క్యాప్ వేసే ముందు చిగుళ్ళ వైద్యం: ఆరు వారాలు ఆగాల్సిందేనా?

కాడుగోడి_వాణి · ఆదివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. అమ్మ వయసు 59. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.1, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతోంది. కింది కుడివైపు దవడపళ్ళు రెండిటికి రూట్ కెనాల్ అయింది. ఇక క్యాప్‌లే మిగిలాయి అనుకుంటే, చిగుళ్ళు బాగాలేవు, ముందు రెండు సిట్టింగుల్లో డీప్ క్లీనింగ్ చేసి ఆరు వారాలు ఆగి చూద్దాం అన్నారు. చీటీలో 3-2-3, 5-4-6 అని అంకెలు వేసి కొన్నిటి మీద ఎర్ర చుక్కలు పెట్టారు. ఆ అంకెలేమిటి? ఆరు వారాలు ఎందుకు? క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని ఇంట్లో అందరూ అంటున్నారు, అందులో నిజమెంత?

చిగుళ్ళ_వైద్యం_జయనగర · ఆదివారం రాత్రి 9.48

వాణి గారూ, అంకెలతో మొదలుపెడతాను. అవి అర్థమైతే మిగతా రెండు ప్రశ్నలూ సగం తీరిపోతాయి.

పన్నుకీ చిగురుకీ మధ్య చుట్టూతా సన్నటి సందు ఉంటుంది, చొక్కా కాలరుకీ మెడకీ మధ్య ఉన్నట్టు. చిగురు బాగుంటే దాని లోతు 1 నుంచి 3 మి.మీ. గీతలున్న సన్నటి కడ్డీని ఆ సందులోకి దించి లోతు కొలుస్తాం. దాన్ని ప్రోబ్ అంటారు. ఎక్కువమంది వాడే విలియమ్స్ ప్రోబ్ మీద 1, 2, 3, 5, 7, 8, 9, 10 దగ్గర గీతలుంటాయి. లెక్క చూసేటప్పుడు కళ్ళు తికమకపడకుండా 4, 6 దగ్గర గీత వదిలేశారు. గట్టిగా నొక్కకూడదు, 20 నుంచి 25 గ్రాముల బరువు చాలు. అదే మొనను గోటి కింద ఆనించి అంతే నొక్కితే నొప్పి పుట్టకూడదు, అదీ కొలమానం.

ఒక్కో పన్నుకి ఆరు చోట్ల కొలుస్తాం, బుగ్గ వైపు మూడు, నాలుక వైపు మూడు. మీ చీటీలో మొదటి మూడు అంకెలు బుగ్గ వైపువి, తర్వాతి మూడు నాలుక వైపువి అయ్యుండాలి. ఎర్ర చుక్క అంటే ప్రోబ్ తీశాక రక్తం కనబడిన చోటు. 4 దాకా ఇంట్లో జాగ్రత్తా, పైపై క్లీనింగూ చాలావరకు సరిపోతాయి. 5 దాటితే బ్రష్షు అడుగుదాకా దిగదు, లోపల గార, అంటే గట్టిపడిన పాచి, పెరుగుతూనే ఉంటుంది. దాన్ని పరికరంతో కిందిదాకా వెళ్ళి తీయాల్సిందే, అదే డీప్ క్లీనింగ్.

ఇంకొక్క మాట, చాలామంది దీన్ని పట్టించుకోరు. చిగురు జారిపోయి పంటి వేరు 3 మి.మీ. బయటపడి ఉందనుకోండి, సందు లోతు కూడా 3 ఉందనుకోండి. చీటీలో 3 చూసి బాగుందనుకుంటాం. నిజానికి ఆ పన్ను 6 మి.మీ. పట్టు పోగొట్టుకుంది. అందుకే లోతుతోపాటు చిగురు ఎంత జారిందో కూడా రాయించుకోండి.

డెంటల్_ల్యాబ్_శివాజీనగర్ · ఆదివారం రాత్రి 10.35

ఆరు వారాల సంగతి క్యాప్ చేసేవాడి వైపునుంచి చెప్తాను. క్యాప్ అంచు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది చిగురు. వాచిన చిగురు పన్ను మీదకి ఒకటి రెండు మి.మీ. ఎక్కి కూర్చుంటుంది. ఆ రోజే అచ్చు తీసి క్యాప్ చేస్తే అంచు ఆ వాపుని బట్టి కుదురుతుంది. తర్వాత ఎప్పుడో క్లీనింగ్ జరిగి వాపు దిగుతుంది, అప్పుడు క్యాప్ అంచు గీతలా బయటపడుతుంది. పింగాణీ కింద లోహం ఉన్న క్యాప్ అయితే చిగురు పక్కన నల్లటి చార కనిపిస్తుంది. ఆ అంచు కిందే పన్ను మళ్ళీ పుచ్చడం మొదలవుతుంది.

అచ్చు సంగతి ఇంకా ఘోరం. చిగురు నుంచి రక్తం ఊరుతుంటే సిలికాన్ అచ్చులో సరిగ్గా అంచు దగ్గరే బుడగ, లేదా లాగినట్టు మసక వస్తుంది. నోట్లో కెమెరా పెట్టి తీసే స్కానరుకైనా అంతే, రక్తం వెనక ఉన్నది దానికి కనబడదు. అలాంటి అచ్చు ల్యాబ్‌కి వస్తే అంచు ఎక్కడో మేం ఊహించి గీయాలి. ఊహించి గీసిన అంచు పన్ను మీద కుదురుగా కూర్చోదు. ఎక్కడో అర మి.మీ. పొడుచుకొస్తుంది, ఇంకెక్కడో ఖాళీ వదులుతుంది. ఆ పొడుచుకొచ్చిన చోట పాచి చేరుతుంది, చిగురు మళ్ళీ వాస్తుంది. మంచి డాక్టరు చేతి అచ్చులో అంచు చుట్టూ కత్తితో కోసినట్టు తెగని గీత ఉంటుంది. చిగురు పొడిగా, గట్టిగా ఉన్న రోజు మాత్రమే అది వస్తుంది.

చిగుళ్ళ_వైద్యం_జయనగర · ఆదివారం రాత్రి 10.52

ల్యాబ్ సార్ చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. ఎముక అంచుకీ క్యాప్ అంచుకీ మధ్య కనీసం 3 మి.మీ. దూరం ఉండాలి. అందులో సుమారు 2 మి.మీ. చిగురు పన్నుని పట్టుకునే మేర. క్యాప్ అంచు ఆ మేరలోకి దిగబడితే, ఎంత తోమినా ఆ పన్ను చుట్టూ ఎర్రటి వలయం పోదు. ముట్టుకుంటే రక్తం వస్తూనే ఉంటుంది. అప్పుడు చిగురునీ కొంత ఎముకనీ దించే చిన్న ఆపరేషన్ చేయాలి. అది మానడానికి దవడపళ్ళ దగ్గర 6 నుంచి 8 వారాలు పడుతుంది, ముందుపళ్ళకైతే నెలలే.

డీప్ క్లీనింగ్ తర్వాత ఆగడం కూడా ఇందుకే. గార పోయాక వాపు దిగి, చిగురు లోపలి పొర మళ్ళీ పంటి వేరుకి అతుక్కుంటుంది. నాలుగు వారాల లోపు ప్రోబ్ పెడితే ఆ లేత అతుకుని మనమే ఊడదీసినట్టు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి కొలిచి, లోతు 4 లేదా అంతకంటే తక్కువ ఉండి రక్తం రాకపోతే అచ్చు తీయడానికి సిద్ధం. 6 మి.మీ. అలాగే ఉండిపోయిన చోట చిగురు తెరిచి శుభ్రం చేయాలేమో అప్పుడు ఆలోచిస్తాం.

హెబ్బాళ_శ్రీను · సోమవారం ఉదయం 7.05

పళ్ళు కదిలిపోతాయన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. మా వీధిలోనూ అదే మాట. క్లీనింగ్ చేయించుకున్నాక సందులు వచ్చాయంటారు. యంత్రం పంటి పైపొరని అరగదీస్తుందంటారు. కాస్త వివరంగా చెప్పండి.

హైజీనిస్ట్_అక్క · సోమవారం ఉదయం 8.20

శ్రీను గారూ, సందులు రావడం నిజం, కారణం తప్పు. ఏళ్ళ తరబడి కట్టిన గార కింది ముందుపళ్ళ వెనక సిమెంటు గోడలా నిలబడి ఉంటుంది. ఆ గోడ వెనక ఎముక ఎప్పుడో కరిగిపోయింది. గార తీశాక పళ్ళని ఒకదానికొకటి అతికించి ఉంచిన ఆ గోడ పోతుంది, ఎముక తగ్గి ఏర్పడిన ఖాళీ కంటికి కనబడుతుంది. వాపు దిగడంతో పళ్ళ మధ్య నల్లటి చిన్న త్రికోణాలు కూడా తేలతాయి. గార అలాగే ఉంచితే ఎముక ఇంకా కరుగుతుంది, ఆ గోడతో సహా పన్ను ఊడి చేతికొస్తుంది.

కదలికకి కూడా లెక్క ఉంది. పక్కకి 1 మి.మీ. లోపు కదిలితే మొదటి దశ, 1 మి.మీ. దాటితే రెండో దశ, పైకీ కిందికీ కూడా కదిలితే మూడో దశ. మొదటి దశ కదలిక వాపు వల్ల అయితే క్లీనింగ్ తర్వాత చాలాసార్లు గట్టిపడుతుంది.

యంత్రం మొన సెకనుకి సుమారు 25,000 సార్లో అంతకంటే ఎక్కువో కంపించి గారని పగలగొడుతుంది. మొనని పన్నుకి పక్కవాటుగా ఆనించి, నీళ్ళు పడుతూ, ఒకచోట ఆపకుండా కదిలిస్తే ఎనామెల్‌కి హాని లేదు. కొనతో నిలువునా పొడిస్తేనే గీతలు పడతాయి. తర్వాత వారం, రెండు వారాలు చల్లటి నీళ్ళకి పళ్ళు జివ్వుమంటాయి. గార కింద దాగి ఉన్న వేరు బయటికి రావడమే కారణం. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టుతో రెండుపూటలా తోమి, నురుగు ఉమ్మేసి, నీళ్ళతో ఎక్కువ పుక్కిలించకుండా వదిలేస్తే చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు కుర్చీలో కూర్చునే ముందే ఆ సంగతి చెప్పాలి. కొన్ని రకాల యంత్రాలు పాత పేస్‌మేకర్లకి మంచివి కావు.

హెబ్బాళ_శ్రీను · సోమవారం ఉదయం 8.41

ధన్యవాదాలు అక్కా. ఇక్కడ అపార్ట్‌మెంట్లన్నిటికీ బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళే. కెటిల్‌లో తెల్లగా పేరుకున్నట్టే పళ్ళకీ గార పడుతుందంటున్నారు. ఆర్వో నీళ్ళతో పుక్కిలిస్తే తగ్గుతుందా?

చిగుళ్ళ_వైద్యం_జయనగర · సోమవారం మధ్యాహ్నం 1.15

గారలో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ మన లాలాజలంలోంచి వచ్చినవే, నీళ్ళలోంచి కాదు. గార ఎక్కడ ఎక్కువ కడుతుందో చూస్తే తెలిసిపోతుంది: కింది ముందుపళ్ళ లోపలివైపు, పై దవడపళ్ళ బుగ్గవైపు. నాలుక కింది గ్రంథుల నాళాలు మొదటి చోటికి ఎదురుగా, చెంప గ్రంథి నాళం రెండో చోటికి ఎదురుగా తెరుచుకుంటాయి. నీళ్ళే కారణమైతే నోరంతా సమానంగా కట్టాలి. మెత్తటి పాచి తోమకుండా ఉండిపోతే ఒకటి నుంచి మూడు రోజుల్లో గట్టిపడటం మొదలవుతుంది. గారైపోయాక ఏ బ్రష్షుకీ రాదు. ఆర్వో నీళ్ళు తాగండి, అభ్యంతరం లేదు, గార మీద మాత్రం వాటికి ప్రభావం లేదు.

బోరు నీళ్ళకి సంబంధించింది వేరే ఉంది. కోలారు, చిక్కబళ్ళాపురం వైపూ, మన అనంతపురం, నల్లగొండ వైపూ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నతనంలో పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగినవాళ్ళకి పళ్ళమీద గోధుమరంగు మరకలు వస్తాయి. అవి ఎనామెల్ లోపలే ఉంటాయి, క్లీనింగ్‌తో పోవు. వాటిని గార అనుకుని పదేపదే గీకించుకోవడం దండగ.

మందుల_షాపు_మల్లేశ్వరం · సోమవారం మధ్యాహ్నం 2.30

కౌంటర్ దగ్గర రోజూ అడిగేవాటి గురించి నాలుగు మాటలు.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 0.2 శాతం, 10 మి.లీ., నీళ్ళు కలపకుండా, అర నిమిషం నుంచి నిమిషం, రోజుకి రెండుసార్లు. రెండు వారాలకి మించి డాక్టరు చెప్పకుండా వాడొద్దు. నాలుక రుచి మారుతుంది, పళ్ళు గోధుమరంగు తిరుగుతాయి. వాడిన వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళకి ఆ మరక ఇంకా తొందరగా పడుతుంది, అరగంట ఆగండి. పేస్టుతో తోమిన వెంటనే పుక్కిలించినా మందు పనితనం తగ్గుతుంది. పేస్టులో నురుగుకోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ దాన్ని పట్టేస్తుంది. అక్కడా అరగంట తేడా ఉండాలి.

గమ్ పెయింట్ రాస్తే చిగురు బిగిసినట్టు అనిపిస్తుంది. కింద గార అలాగే ఉంటుంది. కొందరు నెలల తరబడి ఒక్కొక్క సీసా పట్టుకెళ్తూనే ఉంటారు, చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బుతో ఒక క్లీనింగ్ అయిపోతుంది. లవంగ నూనె నేరుగా చిగురుకి పెడితే కాలి తెల్లటి పుండవుతుంది. యాంటీబయాటిక్ రెండు మాత్రలు అడిగి మింగడం కూడా అంతే. పాచి పన్నుకి పొరలా అంటుకుని ఉంటుంది, రక్తంలోంచి వచ్చే మందు ఆ పొరని ఊడదీయలేదు. చీము, జ్వరం, ముఖం వాపు ఉంటే వాటి అవసరం డాక్టరు తేలుస్తారు.

వాణి గారూ, అమ్మగారి ఆమ్లోడిపిన్ సంగతి దంతవైద్యుడికి తప్పకుండా చెప్పండి. ఆ మందు కొందరిలో చిగుళ్ళని ఉబ్బేలా చేస్తుంది, ముఖ్యంగా ముందుపళ్ళ మధ్య. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ కూడా అలాంటివే. బీపీ మాత్ర మీరుగా ఆపొద్దు. మార్చాలా వద్దా అన్నది బీపీ డాక్టరే చూడాలి. పాచి లేని చోట ఆ ఉబ్బు బాగా తక్కువ ఉంటుంది.

కాడుగోడి_వాణి · సోమవారం సాయంత్రం 6.40

ఇది మాకు ఎవరూ చెప్పలేదు, చాలా ధన్యవాదాలు. అమ్మకి ముందుపళ్ళ మధ్య చిగురు నిజంగానే ఉబ్బి ఉంది. షుగర్ 8.1 ఉంటే క్లీనింగ్ చేయించవచ్చా? ముందు షుగర్ తగ్గించుకుని రమ్మని బంధువులు అంటున్నారు.

చిగుళ్ళ_వైద్యం_జయనగర · సోమవారం రాత్రి 8.55

చేయించవచ్చు. షుగరూ చిగుళ్ళూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. షుగర్ ఎక్కువుంటే చిగురు ఇన్‌ఫెక్షన్‌ని తట్టుకోలేదు, ఎముక తొందరగా కరుగుతుంది. చిగుళ్ళలో వాపు ఉంటే ఇన్సులిన్ పని మందగిస్తుంది. చిగుళ్ళ వైద్యం సరిగ్గా జరిగాక మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం వరకూ తగ్గుతుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. ఒక మాత్ర అదనంగా ఇచ్చినప్పుడు వచ్చే లాభానికి అది మరీ దూరం కాదు. కాబట్టి ఒకదానికోసం ఇంకోటి ఆపొద్దు, రెండూ కలిపి నడవాలి.

ఉదయం పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకుని రావాలి. ఖాళీ కడుపుతో మాత్ర మాత్రమే వేసుకొస్తే కుర్చీలోనే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు క్లీనింగ్ కోసం సొంతంగా ఆపకూడదు, రక్తాన్ని అక్కడే అదిమి ఆపవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు తాజా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) రిపోర్టు తెచ్చుకోవాలి.

పొగ, గుట్కా అలవాటున్న ఇళ్ళలో ఒకటి గుర్తుంచుకోండి. పొగాకు చిగుళ్ళ రక్తనాళాలని బిగదీస్తుంది, జబ్బు ముదిరినా రక్తం కనబడదు. రక్తం రావట్లేదు కదా అని ధైర్యంగా ఉండటానికి లేదు.

యలహంక_రాజశేఖర్ · సోమవారం రాత్రి 9.30

ఇంట్లో తోమే పద్ధతి కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది. పెద్దవాళ్ళు పళ్ళపొడి, వేపపుల్ల వదలరు.

హైజీనిస్ట్_అక్క · సోమవారం రాత్రి 10.20

బ్రష్షు మెత్తనిది, తల చిన్నది. పేస్టు శనగగింజంత. కుచ్చుని చిగురూ పన్నూ కలిసే గీత మీద 45 డిగ్రీల వాలుగా పెట్టాలి, సగం కుచ్చు చిగురు మీద, సగం పన్ను మీద. రెండు మూడు పళ్ళని ఒక జట్టుగా తీసుకుని, అక్కడక్కడే వణికించినట్టు చిన్నచిన్నగా పది పదిహేను సార్లు కదిపి, తర్వాత కుచ్చుని పంటి కొనవైపు దొర్లించాలి. కుచ్చు మొనలు చిగురు సందులోకి కొంచెం దిగడమే దీని కిటుకు. అడ్డంగా రంపం కోసినట్టు తోమితే చిగురు జారి పంటి మెడ దగ్గర గాడి పడుతుంది. కుడిచేతివాళ్ళకి సాధారణంగా ఎడమవైపు ఆ గాడి ఎక్కువ. కింది ముందుపళ్ళ వెనక బ్రష్షుని నిలువుగా పట్టుకుని తల కొసనున్న కుచ్చుతో లాగండి. మొత్తం రెండు నిమిషాలు, రాత్రి తోమడం తప్పనిసరి.

రక్తం వస్తోందని ఆ చోటు వదిలేయడం అందరూ చేసే తప్పు. రక్తం వచ్చే చోటే పాచి ఉంది, అక్కడే నెమ్మదిగా తోమాలి. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లోయ్ బృందం ఆరోగ్యవంతుల చేత తోమడం మాన్పించి చూసింది. మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం, పది రోజుల్లో మామూలయ్యాయి. సరిగ్గా తోముతున్నా రెండు వారాలకి రక్తం ఆగలేదంటే లోపల గార ఉందని అర్థం, ఇక ఇంట్లో కుదరదు.

సందులకి బ్రష్షు చాలదు. పళ్ళు దగ్గరగా ఉంటే ఫ్లాస్ (పళ్ళ మధ్య దించే దారం), సందు ఉంటే సందు బ్రష్షు. ఫ్లాస్ 45 సెం.మీ. తుంచి, మధ్యవేళ్ళకి చుట్టి, పన్నుని చుట్టినట్టు వంచి, చిగురు కిందికి మెల్లగా దించి పైకి గీకాలి. రెండు పళ్ళకీ విడివిడిగా చేయాలి. సందు బ్రష్షు సైజు ఎలా తెలుసుకోవాలంటే, దూర్చేటప్పుడు కుచ్చు రెండువైపులా ఒరుసుకోవాలి, తీగ మాత్రం పన్నుని గీకకూడదు. వంగిపోతే పెద్ద సైజు, ఒరుసుకోకుండా జారిపోతే చిన్నది. ఒకే నోటికి రెండు సైజులు కావలసి రావడం మామూలే. పేస్టు అక్కర్లేదు, నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ. పిన్నీసు, గుండుసూది, అగ్గిపుల్ల మాత్రం దయచేసి పెట్టకండి, చిగురు చిరిగి అక్కడే చీము పడుతుంది.

వేపపుల్ల కుచ్చులా మెత్తగా నమిలితే బయటివైపు బాగానే శుభ్రం చేస్తుంది. దవడపళ్ళ లోపలివైపు, సందులు దానికి అందవు. ఎర్ర పళ్ళపొడులు, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వేలితో రుద్దడం మానేయాలి. గరుకు పంటి మెడని అరగదీస్తుంది. కొన్ని పళ్ళపొడుల్లో పొగాకు కూడా ఉంటుంది, ఆ అలవాటు మాన్పించడం అన్నిటికంటే ముఖ్యం. నూనె పుక్కిలించడం ఇష్టమైతే చేయనివ్వండి, తోమడానికి బదులు కాదు.

యలహంక_రాజశేఖర్ · మంగళవారం ఉదయం 6.50

డీప్ క్లీనింగ్ ఖర్చు భరించలేని వాళ్ళకి బెంగళూరులో దారి?

డెంటల్_ల్యాబ్_శివాజీనగర్ · మంగళవారం ఉదయం 7.45

విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, కె.ఆర్. మార్కెట్ మెట్రో దిగి నడవచ్చు. చిగుళ్ళకి ప్రత్యేక విభాగం ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోండి, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల పట్టీ వెంట ఉంచుకోండి.

హెబ్బాళ_శ్రీను · మంగళవారం ఉదయం 8.05

ఒక సందేహం. రూట్ కెనాల్ అయిన పన్ను పెళుసుగా ఉంటుందంటారు. ఆరు వారాలు క్యాప్ లేకుండా వదిలేస్తే విరిగిపోదా? అలాగైతే చిగుళ్ళ వైద్యం మంచిదే అయినా పన్నే పోతుంది కదా.

చిగుళ్ళ_వైద్యం_జయనగర · మంగళవారం మధ్యాహ్నం 1.40

న్యాయమైన ప్రశ్న. వాణి గారూ, ఇది మీ డాక్టరుని తప్పకుండా అడగండి. దవడపన్నుకి లోపల గట్టి ఫిల్లింగ్ వేసి, ఆరు వారాలకీ తాత్కాలిక క్యాప్ పెట్టాలి. దాని అంచు చిగురుకి పైనే ఆగాలి, నున్నగా పాలిష్ అయి ఉండాలి. గరుకు అంచుతో చిగురులోకి దిగబడిన తాత్కాలిక క్యాప్ పెడితే, మనం ఎదురుచూసే మానుదల అక్కడే చెడిపోతుంది. తాత్కాలిక క్యాప్ కుదరకపోతే ఆ పన్ను కొనలు కొంచెం తగ్గించి పై పన్ను బరువు పడకుండా చేస్తారు. ఈలోగా ఆ వైపు జంతికలు, వేరుశనగలు, ఎముకలు నమలకూడదు.

అసలు క్యాప్ అతికించిన రోజే మీరూ డాక్టరూ కలిసి ఒకటి చూడండి. అంచు చుట్టూ సిమెంటు ముక్క ఒక్కటి మిగిలినా చిగురు వాస్తుంది. ఫ్లాస్ దించి తీయమనండి. చిరిగినా, పోగులు లేచినా ఎక్కడో అంచు గరుకుగా ఉంది, అప్పుడే సరిచేయించుకోండి. ఏ అడ్డూ లేకుండా జారిపోతే పక్కపన్నుతో పట్టు లేదు, అక్కడ అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి. ఆ క్యాప్ వెనక్కి ల్యాబ్‌కి వెళ్ళాలి, పట్టు వచ్చాకే అతికించాలి.

కాడుగోడి_వాణి · మంగళవారం రాత్రి 9.15

తాత్కాలిక క్యాప్ ఉన్నప్పుడు ఆ సందులో ఫ్లాస్ వాడవచ్చా? లాగితే క్యాప్ ఊడొస్తుందేమో.

హైజీనిస్ట్_అక్క · మంగళవారం రాత్రి 9.32

వాడాలి. మామూలుగా కిందికి దించండి, తీసేటప్పుడు పైకి లాగొద్దు. ఒక కొస వదిలేసి, బుగ్గ వైపునుంచి అడ్డంగా బయటికి లాగేయండి. ఒకవేళ క్యాప్ ఊడినా పారేయకండి, చిన్న డబ్బాలో పెట్టి మర్నాడే క్లినిక్‌కి తీసుకెళ్ళండి. ఇంట్లో ఉన్న జిగురుతో మాత్రం అతికించవద్దు.